గడియారమును తొందరపెట్టిన గణనయంత్రము

ఈ యేడు మన విజ్ఞాన సంఘపు సమావేశములలో నొకదానియందు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు లేచి మమ్ము ఇట్లడిగెను: "అయ్యా, కంప్యూటరును దాని నిర్మాతలు నిర్ణయించిన వేగముకంటె ఎక్కువ వేగముతో పనిచేయించుటను ఓవర్‌క్లాకింగు అందురట. పైసా వ్యయము లేకుండ వేగము హెచ్చునట్లయిన, నిర్మాతలే ఆ పని యేల చేయలేదు?"

ప్రశ్న చిన్నది. అయినను ఆనాడు గంట మ్రోగువరకు మేము చెప్పిన మాటలు మాకే తృప్తి నీయలేదు. ఈ వ్యాసము ఆ బాలునికి మేము బాకీపడిన ప్రత్యుత్తరము. ఇతర విద్యార్థులకును, వారి తలిదండ్రులకును గూడ ఇది కొంత ప్రయోజనకారి కాగలదని తలంచుచున్నాము.

నేటి కంప్యూటరును చూపి ఈ పాఠము చెప్పుట సులభము కాదు. నేటి ప్రాసెసరునందు కోట్లకొలది సూక్ష్మభాగములుండును. అది తన వేగమును తానే క్షణక్షణము పెంచుకొనుచు తగ్గించుకొనుచుండును. లోపల జరుగునది మన కంటికి అందదు. కావున వెనుక మూత అద్దముతో చేసిన గోడగడియారమువలె, లోని చక్రములన్నియు తేటగా కనబడు ఒక పాత యంత్రమును దీసికొందము.

1. యంత్రము

1980వ సంవత్సరమున అమెరికా దేశమునందలి టెక్సాసు రాష్ట్రమున, ఫోర్టువర్తు నగరము కేంద్రముగాగల టాండీ కంపెనీవారు "కలర్ కంప్యూటరు" అను గృహోపయోగ యంత్రమును వెలువరించి, తమ రేడియోషాక్ దుకాణములలో విక్రయించిరి. మొదటి యంత్రము వెల 399 డాలర్లు. దానికి వేరుగా తెర లేదు. ఇంటనున్న టెలివిజనే తెర. ఆ తెరపై ఒక్కొక్క పంక్తికి 32 అక్షరముల చొప్పున 16 పంక్తులు కనబడుచుండెను. వ్రాసిన ప్రోగ్రాములను పాటల కేసెట్టు టేపుమీదనే భద్రపరచుకొనుచుండిరి.

ఈ యంత్రమునందు స్మృతి, అనగా మెమొరీ, రెండు తెగలు. మొదటిది స్థిరస్మృతి. మైక్రోసాఫ్టువారు వ్రాసిన బేసిక్ భాష దీనియందు చెరగని వ్రాతగా నుండును. విద్యుత్తు నిలిపినను అది పోదు. రెండవది చరస్మృతి. మనము వ్రాసిన ప్రోగ్రాము, దాని లెక్కలు, తెరపై కనబడు అక్షరములు, అన్నియు ఇందుండును. తొలి యంత్రములందు ఈ చరస్మృతి 4,096 అక్షరములకు మాత్రమే చాలినది.

పనిచేయువారు ముఖ్యముగా ముగ్గురు. మోటరోలా కంపెనీవారి 6809ఇ అను ప్రాసెసరు లెక్కలు చేయువాడు. 6847 అను చిప్పు తెరపై వ్రాయువాడు. 6883 అను మూడవ చిప్పు వంతులు పంచువాడు. వాడుకలో దానికి "సామ్" అని పేరు. ఈ సామ్ చేతిలోనే యంత్రపు గడియారముండును. వీరుగాక, కీబోర్డునకును టేపునకును నడుమ వార్తలు చేరవేయు ద్వారపాలకులవంటి 6821 తెగ చిప్పులు గలవు. 1982వ సంవత్సరమున వేల్సు దేశమున తయారైన డ్రాగన్ 32 అను యంత్రమును ఇదే కుటుంబమునకు చెందిన చిప్పులతో నిర్మింపబడినది.

2. యంత్రపు గడియారము

ప్రతి కంప్యూటరునందును ఒక స్ఫటికపు ముక్క యుండును. కొన్ని స్ఫటికములను నొక్కిన విద్యుత్తు పుట్టుననియు, ఆ ధర్మమును 1880వ సంవత్సరమున క్యూరీ సోదరులు కనుగొనిరనియు భౌతికశాస్త్రమున చదివియున్నారు. అట్టి స్ఫటికమునకు విద్యుత్తు నందిచ్చినచో అది క్రమము తప్పక కంపించును. ఆ కంపనములే యంత్రమునకు తాళము. మన వ్యాయామపు తరగతిలో ఈల కొక అడుగు వేయుదురుగదా, అట్లే ప్రాసెసరు ఒక్కొక్క స్పందనమునకు ఒక్కొక్క అడుగు వేయును.

కలర్ కంప్యూటరునందలి స్ఫటికము సెకండునకు 1,43,18,180 మార్లు కంపించును. ఈ వింత సంఖ్య యెచ్చటిది? అమెరికా వారి రంగుల టెలివిజను పద్ధతికి సెకండునకు 35,79,545 కంపనములు గల తరంగ మవసరము. స్ఫటికపు సంఖ్య దానికి సరిగా నాలుగింతలు. చూచితిరా! యంత్రపు వేగము ప్రాసెసరు ఓపికనుబట్టి గాక టెలివిజను అవసరమునుబట్టి యేర్పడినది. సామ్ ఈ సంఖ్యను 16 చేత భాగించి ప్రాసెసరున కిచ్చును. అనగా సెకండునకు 8,94,886 స్పందనములు. దీనినే స్థూలముగా 0.89 మెగాహెర్ట్సు లందురు. ఒక్కొక్క అడుగునకు పట్టు కాలము 1.12 మైక్రోసెకండు.

ఇప్పుడు భాగహారమును మార్చి, 16కు బదులు 8 చేత భాగించినచో నేమగును? అడుగులు సెకండునకు 17,89,772 అగును. ఒక్కొక్క అడుగునకు 0.56 మైక్రోసెకండు మాత్రమే మిగులును. ఇదియే ఓవర్‌క్లాకింగు. గడియారమును తొందరపెట్టుట.

3. ఒక్క వాక్యముతో వేగము

ఇతర యంత్రములందు ఈ పని చేయగోరువారు పెట్టె విప్పి, స్ఫటికమును ఊడదీసి, మరియొకదానిని అతుకవలసియుండెను. కలర్ కంప్యూటరునందు అట్టి శ్రమ లేదు. ఒక్క వాక్యము చాలును:

పోక్ 65495,0

పోక్ అనగా స్మృతిలో ఫలాని యింటి సంఖ్యయందు ఫలాని విలువ నుంచుమని ఆజ్ఞ. ఇందొక చమత్కారము గలదు. సామ్ చిప్పునకు ఇంటి సంఖ్యలను వినుటకు తీగెలు గలవు గాని, విలువలను వినుటకు తీగెలు లేవు. కావున 0 వ్రాసినను 7 వ్రాసినను దానికి సమానమే. ఏ తలుపు తట్టితిరన్నదే దానికి తెలియును. సరిసంఖ్య తలుపు తట్టినచో ఒక మీట దిగును. దాని ప్రక్కనున్న బేసిసంఖ్య తలుపు తట్టినచో ఆ మీట లేచును. ఇట్టి మీటలు 16, తలుపులు 32. అందు 65495 తట్టిన వేగము హెచ్చును. 65494 తట్టిన తిరిగి మొదటి వేగమునకు వచ్చును. విద్యుత్తు నాపిన యెడల యంత్రము సంగతి యంతయు మరచి, మరల నెమ్మదిగానే మేలుకొనును.

పెట్టె తెరువనక్కరలేదు, వ్యయము లేదు. మరి యంత్రము వేగముగా నడచినదా? నడచినది. వేలకొలది యిండ్లలో పిల్లలు ఈ వాక్యమును నేర్చి సంతసించిరి. అయినచో మన విద్యార్థి ప్రశ్న మరల ముందుకు వచ్చుచున్నది: నిర్మాతలే ఏల చేయలేదు? దీనికి ప్రత్యుత్తరము కావలెనన్న, ఈ వేగము ఎవరి వంతునుండి తీయబడినదో విచారింపవలెను. ఊరకే వచ్చినదనుకొన్న దానికి ఎవరో యొకరు వెల చెల్లించుచునే యుందురు.

4. మొదటి వంతు: నిర్మాత విడిచిన జాగా

ప్రాసెసరు ఒక్కొక్క అడుగునకు కొంతకాల మేల తీసికొనును? 9,999కి 1 కలుపుడని పలకలిచ్చిన చిన్నపిల్లలను తలంచుకొనుడు. ఒకట్ల స్థానమున 10 వచ్చును. సున్న వేసి ఒకటి చేత పట్టుకొనును. ఆ ఒకటి పదుల స్థానమునకు, అక్కడనుండి వందలకు, పిదప వేలకు నడచిపోవలెను. అది చివరి స్థానమునకు చేరకమునుపే ఉపాధ్యాయుడు "పలకలు క్రింద పెట్టుడు" అన్నచో, పలకపై తప్పు మిగులును. పిల్లవానికి లెక్క రాక కాదు, కాలము చాలక. ప్రాసెసరులోను ఇట్లే. చేత పట్టిన అంకె ఒక స్థానమునుండి మరియొక స్థానమునకు విద్యుద్ద్వారములగుండ పోవలెను. ప్రతి ద్వారమువద్దను కొంత ఆలస్యము తప్పదు.

ఈ ఆలస్యము చిప్పుచిప్పునకు కొంచెము మారుచుండును. ఒకే నమూనాతో ఒకే కర్మాగారమున చేసినను అన్నియు ఒక్క తీరుగ నుండవు. కావున నిర్మాతలు వాటిని పరీక్షించి తరగతులుగా విభజింతురు. మోటరోలావారు ఈ ప్రాసెసరును మూడు తరగతులుగా అమ్మిరి: 6809ఇ అనునది 1 మెగాహెర్ట్సునకు, 68ఎ09ఇ అనునది 1.5 మెగాహెర్ట్సులకు, 68బి09ఇ అనునది 2 మెగాహెర్ట్సులకు. 6821 ద్వారపాలకులకును ఇట్లే మూడు తరగతులు గలవు.

కలర్ కంప్యూటరునందు సాధారణముగా నుండినది 1 మెగాహెర్ట్సు తరగతి. దానికి అప్పగించిన పని 0.89, ఓపిక చాలినది. పోక్ వాక్యము పలికినప్పుడు దానిని 1.79 మెగాహెర్ట్సులతో నడువుమని కోరుచున్నాము. అది మొదటి తరగతి పూచీనేగాక, రెండవ తరగతి పూచీనిగూడ మించిన కోరిక. అయినను పెక్కు యంత్రములు నడచినవి. ఏల?

ఏలయన, చిప్పుపై వ్రాసిన సంఖ్య దాని శక్తికి కట్టిన గోడ కాదు. నిర్మాత యిచ్చిన వాగ్దానము. చిప్పు చుట్టునున్న గాలియందు 0 మొదలు 70 సెంటిగ్రేడు డిగ్రీలవరకు ఏ యుష్ణమునందైనను, విద్యుత్తు 4.75 మొదలు 5.25 వోల్టుల నడుమ ఎట్లు మారినను, ఇది తప్పక ఈ వేగముతో పనిచేయునని వాగ్దానము. మీ గది చల్లగానుండి, విద్యుత్తు నిలుకడగా నున్నచో, వాగ్దానమునకును శక్తికిని నడుమ కొంత జాగా మిగులును. తొందరపెట్టువాడు ఆ జాగాను వాడుకొనుచున్నాడు. వేడిమి హెచ్చినకొలది ఇట్టి చిప్పులందలి సూక్ష్మభాగములు మందగించును. కావున ఉదయము చక్కగా నడచిన యంత్రము వేసవి మధ్యాహ్నమున తడబడవచ్చును. యంత్రము చెడిపోలేదు; జాగా తరిగిపోయినది.

మరి ఒక సంగతి. ప్రాసెసరు ఓర్చుకొన్నను ద్వారపాలకుడు ఓర్చుకొనకపోవచ్చును. కొన్ని యంత్రములు పోక్ వాక్యము వినగానే నిలిచిపోవుటకు ఇట్టి చిప్పులును కారణములయ్యెను. పదిమంది కలిసి లాగు రథము, వారిలో అందరికన్న నెమ్మదిగా నడచువాని వేగముననే నడచునుగదా.

మన ప్రశ్నకు సగము ప్రత్యుత్తరము ఇచ్చట దొరకుచున్నది. ఇంటిలోని బాలుడు తన యొక్క యంత్రమును పరీక్షించుకొనును. నడచిన సంతసించును, నడువకున్న మానుకొనును. నిర్మాతయో, తా నమ్మిన ప్రతి యంత్రము ప్రతి యింటను ప్రతి ఋతువునందును నడువవలెనని పూచీపడినవాడు. ఎక్కువ యంత్రములు నడచును అనుమాట అతనికి చాలదు.

5. రెండవ వంతు: ఒకే బావి, ఇద్దరు తోడువారు

ఒకే బావి, ఒకే చేద గలదనుకొనుడు. ఇద్దరు నీరు తోడుకొనవలెను. ఒకరి తరువాత ఒకరు వంతులు వేసికొన్నచో పోట్లాట యుండదు. కలర్ కంప్యూటరునందు చరస్మృతి ఆ బావి. ప్రాసెసరు దానినుండి చదువవలెను. తెరపై వ్రాయువాడును చదువవలెను. సామ్ ఒక్కొక్క స్పందనమును రెండుగా పంచి, మొదటి సగమును తెరకు, రెండవ సగమును ప్రాసెసరునకు ఇచ్చును. ప్రాసెసరు తన సగముతో తృప్తిపడును. తెర తన సగముతో తృప్తిపడును. నిర్మాణకౌశలమనగా ఇదియే.

వేగము రెట్టింపైనచో ప్రాసెసరునకు బావి రెట్టింపుమార్లు కావలెను. తెర వంతు ఎచ్చటికి పోవును? ఈ చిక్కు తెలిసియే సామ్‌ను రూపొందించినవారు పోక్ 65495 నకు ఒక నియమము విధించిరి. ప్రాసెసరు స్థిరస్మృతిని చదువునప్పుడు రెట్టింపు వేగము. చరస్మృతిని తాకినప్పుడు తిరిగి పాత వేగము. స్థిరస్మృతి వేరొక బావి. అచ్చట తెరకు పని లేదు. కావున ఎవరి వంతును పోదు.

కాని యిందువలన వేగము సరిగా రెట్టింపు కాదు. ఒక లెక్క వేయుదము. ఒక పనికి 100 క్షణములు పట్టుననియు, అందు 70 స్థిరస్మృతితోను 30 చరస్మృతితోను గడచుననియు అనుకొందము. 70 సగమై 35 అగును. 30 అట్లే యుండును. మొత్తము 65. అనగా రెండింతల వేగము కాదు, ఒకటిన్నరకు కొంచెము మించిన వేగము. మార్పు చెందని భాగమే మొత్తపు వేగమునకు హద్దు వేయును. ఈ సూత్రమును 1967వ సంవత్సరమున జీన్ ఆమ్డాల్ అను ఇంజనీరు వివరించుటచే అది ఆయన పేర పిలువబడుచున్నది.

ఈ మొదటి పద్ధతియందును నష్టము పొందువారు లేకపోలేదు. టేపుమీద వ్రాయు శబ్దముల నిడివిని ప్రాసెసరు తన అడుగులను లెక్కించుకొనుచు కొలుచును. అడుగులు తొందరపడినచో శబ్దములు కురుచ యగును. ఆ తొందరలో భద్రపరచిన టేపును పిదప నెమ్మదిగా నున్న యంత్రము చదువలేదు. ముద్రణయంత్రమునకు పంపు అక్షరములును ఇట్లే తారుమారగును. పాట స్వరము హెచ్చును. కావున జాగ్రత్తపరులు టేపును తాకకముందు 65494 తలుపు తట్టి యంత్రమును నెమ్మదింపజేయుచుండిరి. మరచిన బాలుని సాయంకాలపు శ్రమయంతయు టేపుమీద అర్థములేని కూతగా మిగులుచుండెను.

6. మూడవ వంతు: స్మృతికి కావలసిన విరామము

ఇంతటితో తృప్తి చెందనివారికి మరియొక తలుపు గలదు. అది 65497. దానిని తట్టినచో నియమములన్నియు తొలగి, ప్రాసెసరు ఎచ్చటనైనను రెట్టింపు వేగముతోనే పోవును. అప్పుడు బావి యంతయు దానిదే. తెరపై అక్షరములు మాయమై అర్థములేని గీతలు కనబడును. యంత్రము లెక్క చేయుచునే యుండును. మనకు మాత్రము కనబడదు.

దీనికంటె గొప్ప నష్టము కంటికి కనబడనిది. ఈ చరస్మృతి ఎట్టిదో చెప్పవలెను. 1968వ సంవత్సరమున రాబర్ట్ డెన్నార్డ్ అను శాస్త్రజ్ఞుడు పేటెంటు పొందిన పద్ధతినిబట్టి, ఇందలి ఒక్కొక్క కణము విద్యుత్తు పట్టియుంచు చిన్న కుండ. కుండ నిండియున్న 1; వట్టిదైన 0. కాని ప్రతి కుండకును సన్నని చిల్లి గలదు. నీరు కారిపోవుచుండును. కారిపోకముందే ఎవరైన వచ్చి, నిండియున్నదానిని చూచి మరల నింపి పోవలెను. 16 కిలోబైట్ల యంత్రములలోని స్మృతిచిప్పులందు ఇట్టి కుండలు 128 వరుసలుగా నుండును. ప్రతి వరుసను 2 మిల్లీసెకండ్లకు ఒకమారైనను నింపవలెనని నిర్మాతల నియమము. ఇంగ్లీషున దీనిని రిఫ్రెష్ అందురు. మేము పునఃపూరణ మందుము.

ఈ పునఃపూరణమును చేయువాడు సామ్. ఎప్పుడు చేయును? తెరకు ఇచ్చిన ఆ సగపు వంతులో, తెరకు పని లేని వేళలందు. కావున ప్రాసెసరు ఆ వంతును తీసికొన్నచో తెర మాత్రమే పోవుటగాదు. స్మృతి నింపువాని రాకయు నిలిచిపోవును. ప్రాసెసరు తానే చదివిన వరుసలు ఆ చదువుటచేతనే నిండును. అది తాకని వరుసలు మెల్లమెల్లగా మరచిపోవును. వేగముగా లెక్క చేయుచు, చేయవలసిన లెక్క యేదో మరచిపోవు యంత్రము! విరామము వ్యర్థకాలమని దొంగిలించినవాడు స్మృతినే పోగొట్టుకొనెను.

7. అన్నిటికంటె చెడ్డ తప్పు

యంత్రము నిలిచిపోయిన యెడల నష్టము స్వల్పము, మనకు తెలియును. మరల మొదలుపెట్టుదుము. నిలువక తప్పు చెప్పినచో? పలకమీద లెక్క పూర్తియైనట్లే కనబడును. అంకె మాత్రము వేరు. తొందరపెట్టినవాడు భయపడవలసినది దీనికే. కావున మీరెవరైనను ఇట్టి పరీక్ష చేయదలచినచో మూడు నియమములు పాటింపుడు.

మొదటిది: ప్రత్యుత్తరము ముందే తెలిసిన లెక్క నిచ్చి పరీక్షింపుడు. 1 మొదలు 1,000 వరకు గల సంఖ్యల మొత్తము 5,00,500 అని సూత్రముచే తెలియును. యంత్రము ఒక్కమారుగాదు, నూరుమార్లు అదే చెప్పవలెను. చల్లగా నున్నప్పుడును, వేడెక్కిన పిదపను చెప్పవలెను. నూరు ఒప్పులును ఋజువు కావు గాని, ఒక్క తప్పు మాత్రము ఋజువే.

రెండవది: తొందరపెట్టిన గడియారముతోనే వేగమును కొలువకుడు. గోడగడియారముతో కొలువుడు; లేక మొదటి పద్ధతిని పరీక్షించుచున్నచో యంత్రమునందలి టైమరుతో కొలువుడు. ఆ టైమరు తెరనుబట్టి సెకండునకు 60 మార్లు నడచునది. 65495 తలుపు దానిని మార్పదు. తన్ను తాను కొలుచుకొను కొలత యెన్నటికిని తప్పును బయటపెట్టదు.

మూడవది: ఇతరులు నమ్మియున్న యంత్రమును తొందరపెట్టకుడు. మీ ఆటవస్తువు మీది. కార్యాలయపు లెక్కల యంత్రము, ఆసుపత్రి యంత్రము మీవి కావు. మీ పరీక్ష తప్పినచో నష్టపోవువాడు మీరుగాక మరియొకడైనప్పుడు, ఆ జాగాను వాడుకొను హక్కు మీకు లేదు.

ఇచ్చట తలిదండ్రులకొక మాట. అమెరికాలో అమ్మబడిన పాత యంత్రము 120 వోల్టుల విద్యుత్తునకు చేయబడినది. మనయిండ్ల 230 వోల్టులకు నేరుగా తగిలింపరాదు. పెద్దల సహాయము లేక పెట్టె తెరువరాదు. ఇట్టి యంత్రములను అనుకరించు ప్రోగ్రాములు నేటి కంప్యూటర్లకు గలవు. పిల్లలు వాటితో పోక్ వాక్యమును నిర్భయముగా నేర్చుకొనవచ్చును. అయితే అనుకరణ యంత్రము వేడెక్కదు. వేగ మెట్టిదో అందు తెలియునుగాని, జాగా తరిగిపోవుట తెలియదు.

8. సరియైన మార్గము

టాండీవారు ఈ సంగతిని అట్లే విడువలేదు. 1986వ సంవత్సరమున వారు మూడవ కలర్ కంప్యూటరును వెలువరించిరి. అందు 2 మెగాహెర్ట్సుల పూచీగల 68బి09ఇ ప్రాసెసరు నుంచిరి. సామ్‌నకును తెరచిప్పునకును బదులు క్రొత్త చిప్పునొకదానిని రూపొందించి, ప్రాసెసరు 1.79 మెగాహెర్ట్సులతో పోవుచున్నను తెరకును పునఃపూరణమునకును వారి వారి వంతులు దక్కునట్లు చేసిరి. ఆ యంత్రమున 65497 తలుపు తట్టినను తెర చెదరదు, స్మృతి చెడదు.

అదే తలుపు, అదే వేగము. ఆరు సంవత్సరములకు ముందు అది పూచీలేని సాహసము. ఇప్పుడు నిర్మాత చేతివ్రాలుగల వాగ్దానము. నడుమ జరిగినదేమి? ప్రాసెసరును గద్దించుటగాదు, దాని చుట్టునున్నవారందరికిని చాలినంత కల్పించుట. మన విద్యార్థి ప్రశ్నకు మిగిలిన సగము ప్రత్యుత్తరము ఇదియే. నిర్మాతలు చేయలేదనుట సరికాదు. చేసిరి. కాని అందరి వంతులు సరిచూచిన పిమ్మట చేసిరి.

9. ముగింపు

బిడ్డలు యంత్రములు కారు. యంత్రమునకు చెప్పినదంతయు బిడ్డలకు అన్వయింపరాదు. అయినను పరీక్షల మాసమున మా తరగతి గదులలో మేము చూచు ఒక దృశ్యమును చెప్పక మానజాలము. రాత్రి రెండుగంటలవరకు మేలుకొని చదివిన బాలుడు ఉదయము ప్రశ్నపత్రము ముందు కూర్చుండును. చదివినది నిజము, శ్రమించినది నిజము. కాని నింపువాడు రాని కుండలవలె నిన్నటి పాఠము కారిపోయినది. నేర్చినది మనస్సున నిలుచుటకు నిద్ర అవసరమని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆరు దినములు పనికిని, ఒక దినము విశ్రాంతికిని ఏర్పరచిన సృష్టికర్త యేర్పాటును మన పెద్దలు ఎన్నడో మనకు నేర్పిరి.

తలాంతుల ఉపమానమునందు యజమానుడు దాసుల కందరికిని సమానముగా ఇయ్యలేదు. ఒక్కొక్కని సామర్థ్యము నెరిగి యిచ్చెను. తలాంతును పాతిపెట్టిన దాసుని గద్దించెను. కాబట్టి సోమరితనమునకు మేము సాకు చెప్పుటలేదు. మీ వేగము హెచ్చవలెను, హెచ్చింపుడు. కాని హెచ్చించునప్పుడెల్ల ఒక ప్రశ్న వేసికొనుడు: ఇది ఎవరి వంతు? నిద్ర వంతా, ఆట వంతా, ఇంటిలోని మరియొకరి వంతా? ఆ ప్రశ్నకు నిర్మలముగా ప్రత్యుత్తర మీయగలిగిననాడు ధైర్యముగా గడియారమును త్రిప్పుడు.

అభ్యాసము

1. సెకండునకు 1,43,18,180 కంపనములుగల స్ఫటికపు సంఖ్యను 16 చేతను, 8 చేతను భాగించి, ఒక్కొక్క స్పందనమునకు పట్టు కాలమును మైక్రోసెకండ్లలో కనుగొనుడు.

2. 1.5 మెగాహెర్ట్సు తరగతి చిప్పు ఒక్క అడుగునకు కోరు కాలమెంత? 1.79 మెగాహెర్ట్సులకు అది పూచీపడగలదా?

3. ఒక ప్రోగ్రాము తన కాలములో 60 పాళ్లు స్థిరస్మృతితోను 40 పాళ్లు చరస్మృతితోను గడపుననుకొనుడు. పోక్ 65495 పిమ్మట దాని వేగము ఎన్ని రెట్లగును?

4. 1.79 మెగాహెర్ట్సుల యంత్రము 2 మిల్లీసెకండ్లలో ఎన్ని అడుగులు వేయును?

5. మీ యింటిలోగాని, బజారులోగాని, ఒకరి వంతు తీసికొని మరియొకరు వేగము పొందిన సందర్భమును గుర్తించి పది పంక్తులలో వ్రాయుడు. ఈ ప్రశ్నకు మాత్రము సూత్రము లేదు.